అలివి వలలో బండి

“ఆపండ్రా! వల సిరిగిపోతాది! ఆపండి!”

గంగులు పెద్ద అరిచేసరికే తాళ్ళు రెండూ కర్రల్లా బిగుసుకున్నాయి. లాగుతున్న జనం ఇసుకలో మడమలు తన్నిపెట్టి ఆగిపోయారు. పొద్దున్న తెప్పలో తీసుకెళ్ళి నీళ్ళలో సగం గాజు ఆకారంలో పరిచిన అలివి వల అది. కొసలు రెండూ ఒడ్డున ఉంటాయి. ఊరు ఊరంతా చెరో తాడు పట్టుకుని లాగితేగాని రాదు. ఈరోజు లాగినా రావడం లేదు.

“పెద్ద టేకు చేప పడ్డాదేమోరా!” అన్నారెవరో.

“టేకయితే కొట్టుకోదా? ఇది సచ్చినట్టు ఉన్నాది.”

“ఏదైతేటి? ముందు నా వాటా సెప్పండి!” అని ఒక ముసలమ్మ అరిస్తే కొందరు నవ్వారు.

కూర్మయ్య నవ్వలేదు. అతను అందరికంటే ముందు, నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. కెరటం వెనక్కి జారింది. వల మడతల్లోంచి నల్లని కొమ్ము ఒకటి పైకి లేచింది. కొమ్ముకి రబ్బరు పిడి ఉంది. పిడి పక్కన బ్రేకు. బ్రేకుకి వెలిసిపోయిన ఎర్ర తోరం.

ఆ తోరం ఎక్కడ కట్టించారో కూర్మయ్యకు తెలుసు. అరసవల్లి గుడి ముందు, బండికి మొదటి పూజ చేయించిన రోజున, పూజారి కట్టాడు.

“ధనరాజు బండి,” అన్నాడు. చేతిలోని తాడు వదిలేశాడు.

జనం తెప్పరిల్లి, వలను మెల్లగా పొర్లించి, బండిని ఇసుక మీదికి ఈడ్చారు. నల్ల పల్సర్. నీళ్ళు కక్కుకుంటూ పక్కకు ఒరిగి పడుకుంది. చుట్టూ జనం మూగారు. ఇది ఇక్కడికెలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి కూర్మయ్యకు కాస్త ఆలస్యంగా తట్టింది.

* * *

కూర్మయ్య కొడుకు ధనరాజు ఆ బండిని గుజరాత్ వెళ్ళి సంపాదించుకున్నాడు. వేరావల్ రేవులో బోట్ల మీద నెలల తరబడి నీళ్ళలోనే ఉండి, తిరిగొచ్చి శ్రీకాకుళంలో కొన్నాడు. వాళ్ళ ఊరు నూకన్నపేటలో బళ్ళకేం తక్కువ లేదు. కాని ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండానే సైలెన్సర్లు ఎర్రబడి పొట్టు రాలేవి. ధనరాజు బండి మాత్రం షోరూంలోంచి అప్పుడే తెచ్చినట్టు మెరిసేది. రోజూ సాయంత్రం కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క ఊచా తుడిచేవాడు. ఎవరైనా ఆనుకుని నిలబడితే ఊరుకునేవాడు కాదు. “ఒరే, లెగు. అది గోడ కాదు.” కిరాణా కొట్టు నాలుగిళ్ళ అవతలే ఉన్నా బండి మీదే వెళ్ళేవాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వెళ్ళేవాడు.

రెండేళ్ళ కిందట వేట నుంచి వస్తూ కెరటాలు విరిగే చోట అతని తెప్ప తిరగబడింది. తోటివాళ్ళు ఈదుకుని వచ్చారు. ధనరాజు రాలేదు, తర్వాత కూడా దొరకలేదు. నీళ్ళలోంచి ఒడ్డు వైపు చూస్తే, నూకాలమ్మ గుడి శిఖరానికి అడ్డంగా ఒంటి తాడిచెట్టు వచ్చే చోటు అది. అప్పటినుంచి ఆ చోట ఊళ్ళో ఎవరూ వల వెయ్యరు. ఈరోజు కూడా వెయ్యలేదు. వేరేచోట వేస్తే నీటి లాగుడు ఎక్కువై వల అక్కడికి కొట్టుకుపోయింది.

కొడుకు పోయాక, తలకి రంగు వేసుకోవడం కూడా మానేసిన వయసులో, కూర్మయ్య ఆ బండి నేర్చుకున్నాడు. పడ్డాడు, మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అయినా నేర్చుకున్నాడు. పొద్దు వాలే వేళకు శ్రీకూర్మం దాకా వెళ్ళి వచ్చేవాడు. దారిలో టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు, “అదుగో, ధనరాజు బండి వస్తన్నాది,” అనేవారు. ఆ మాట కోసమే వెళ్ళేవాడు. ఈ భూమ్మీద కొడుకు పేరు వినబడే చోటు అదొక్కటే.

ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. అతనూ భార్యా, ఇద్దరే. పెళ్ళయిన కొత్తలో ఆమెను “ఒసే” అనేవాడు. కొడుకు పుట్టాక “ధనరాజు అమ్మా” అన్నాడు. కొడుకు పోయాక ఆ పిలుపు గొంతులో అడ్డం పడింది. మళ్ళీ “ఒసే” అనడానికి నోరు రాలేదు. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం ఆ పేటలో మగాళ్ళకు అలవాటు లేదు. దాంతో పిలవడమే మానేశాడు. అన్నం కావాలంటే దగ్గేవాడు. ఆమె కంచం పెట్టేది. మాట్లాడాలనిపిస్తే వీధిలోకి వచ్చి, నూనెగుడ్డ తీసుకుని, బండితో మాట్లాడేవాడు.

“బావ తలకి నూనె నేదు గాని బండికి మట్టుకు రోజూ తలంటే,” అని బావమరిది సోములు ఆటపట్టించేవాడు.

కిందటి వారం వలలు తేవడానికి కూర్మయ్య వ్యానులో కళింగపట్నం వెళ్ళాడు. మర్నాడు వచ్చి చూస్తే వీధిలో బండి లేదు.

అతని అనుమానం నేరుగా ఉపేంద్ర మీదికి పోయింది. అరసవల్లిలో పాత బళ్ళు కొని అమ్మే షావుకారు ఉపేంద్ర. ఆ పల్సర్ ఇమ్మని ఎన్నోసార్లు అడిగాడు. కూర్మయ్య కొట్టుమీదికి వెళ్ళి, బేరానికి వచ్చినవాళ్ళ ముందే అతన్ని దొంగ అన్నాడు. ఉపేంద్ర కోప్పడలేదు.

“నేను బళ్ళు కొంటాను కూర్మయ్యా, ఎత్తుకుపోను. అంత మోజున్నవాడివి, బండికి హ్యాండిల్ లాక్ వెయ్యకుండా ఉంటావా? మరి తాళంచెవి ఎక్కడుంది?”

కూర్మయ్య బస్సెక్కి ఇంటికొచ్చి చూశాడు. కొడుకు ఫోటో కింద తాళంచెవి తగిలించే మేకు ఖాళీగా ఉంది.

దొంగ ఇంట్లోకి వచ్చాడన్నమాట. పొయ్యి దగ్గరున్న భార్య వెనక నిలబడి దగ్గాడు. “తాళం ఏదీ?” అన్నాడు. ఆమె తలెత్తలేదు, పెనం మీద చేప తిరగేసింది.

* * *

ఇప్పుడు బండి అతని కాళ్ళ దగ్గర ఉంది. తాళంచెవి బండికే ఉంది.

కూర్మయ్య మోకాళ్ళ మీద కూలబడి చూడసాగాడు. పెట్రోలు ట్యాంకుకి గోనెపట్టా చుట్టి, గీత పడకుండా మెత్తటి గుడ్డ లోపల పెట్టి కట్టారు. ఊచలు ఇంకా జిడ్డుగా ఉన్నాయి. ముంచేముందు ఎవరో నూనె రాశారు! హెడ్‌లైటు అద్దం సందులో పసుపు ముద్ద అంటుకుని ఉంది. వెనకచక్రానికి లంగరు రాయి.

కోపంతో ముంచినవాడు గీత పడుతుందని గోనె చుడతాడా?

ఆ ప్రశ్నని పక్కకు నెట్టి మొదట లెక్కతేలే సంగతి పట్టుకున్నాడు. బండి నడిచి సముద్రంలోకి రాదు. కెరటాలు దాటించాలంటే తెప్ప కావాలి. ఎత్తడానికి మనుషులు కావాలి. అతను లంగరు రాయిని తిరగేశాడు. దాని నడుముకు పచ్చరంగు పట్టీ. పేటలో పచ్చరంగు వేసిన రాళ్ళు ఒక్క తెప్పకే ఉన్నాయి.

“సోములూ!”

జనం పక్కకు తప్పుకున్నారు. సోములు కదల్లేదు. కూర్మయ్య వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు.

“నీ మేనల్లుడి బండిరా! నువ్వు ఎత్తుకుని తిప్పిన గుంటడి బండి! దాన్ని సంపడానికి నీకు సేతులెలగొచ్చాయిరా?”

“బావా, వొగ్గు.”

“సెప్పు! ఎవులు సేయించినారు?”

“నాను సెప్పను బావా. కొట్టు, పడతాను.”

గంగులు పెద్ద ఇద్దరి మధ్యకూ వచ్చాడు. ఆ పేటలో తగువులు తీర్చేది ఆయనే. “కొట్టుకోడాలు నేవు. నీళ్ళున్నాయి. సోములూ, దిగు.”

పేటలో దానికి మించిన పరీక్ష లేదు. మోకాళ్ళలోతు దిగి, దోసిట్లోకి సముద్రపు నీళ్ళు తీసుకుని, నాకేం తెలీదని చెప్పాలి. చెప్పి నీళ్ళు వదలాలి. పోలీసుల ముందు అబద్ధం ఆడినవాళ్ళున్నారు గాని, రేపు మళ్ళీ అదే సముద్రం మీదికి వెళ్ళాల్సినవాడు ఆ నీళ్ళు పట్టుకుని ఆడలేడు.

సోములు దిగాడు. వంగాడు. దోసిలి నీళ్ళ దాకా వెళ్ళి ఆగింది. ఖాళీ చేతులతో లేచాడు.

“నాకు తెలుసు. సెప్పనని మాటిచ్చినాను.”

“అలగైతే ఇను,” అన్నాడు గంగులు పెద్ద. “ఈ రోజు నుండి నీ తెప్ప తొయ్యడానికి ఎవులూ సెయ్యి వెయ్యరు.”

అంటే తెప్ప ఒడ్డునే ఎండిపోతుంది. సోములు తల వంచుకున్నాడు. కూర్మయ్య చుట్టూ చూశాడు. ఎవరి కళ్ళూ అతని కళ్ళతో కలవడం లేదు. కలిసి ఎత్తినవాళ్ళు, చూసినవాళ్ళు, విన్నవాళ్ళు. ఊరందరికీ తెలుసు, అతనికి తప్ప. కొడుకు పోయిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

వెనక్కి వచ్చి బండి పక్కన కూర్చున్నాడు. గోనె కట్లు ఒక్కొక్కటే విప్పాడు. ట్యాంకు మీద తోలు కవరుకి చిన్న సంచి ఉంటుంది, ధనరాజు అందులో తన వస్తువులు పెట్టుకునేవాడు. దాని జిప్పు లాగాడు. లోపల ప్లాస్టిక్ కాగితంలో పొట్లం. విప్పాడు.

నల్ల కళ్ళద్దాలు.

అవి ఫోటో చట్రానికి తగిలించి ఉండేవి. మేకు ఖాళీ అయిందని చూశాడు గాని, కళ్ళద్దాలు పోయాయని చూడలేదు. ఫోటో వైపు తలెత్తి చూసి చాలా కాలమైంది. గోనె లోపలి మెత్తటి గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు. నీలం చీర ముక్క. గంప కింద తలమీద పెట్టుకునే చుట్ట. దాన్ని రోజూ తన ఇంటి దండెం మీదే ఆరేస్తారు.

అప్పుడు జనంలో దారి పడింది.

శ్రీకూర్మంలో చేపలు అమ్ముకుని వస్తూ, ఖాళీ గంప చంకలో పెట్టుకుని, అతని భార్య నిలబడి ఉంది. బండిని చూసింది. తమ్ముడిని చూసింది. గంప కింద పెట్టి గంగులు పెద్దతో అంది:

“ఆడి తెప్ప తోయండి పెద్దా. ఆడు తమ్ముడు గనక మోసినాడు. మోయమన్నది నాను.”

కూర్మయ్య ఆ గుడ్డ పట్టుకునే తలెత్తాడు. “ఏల?” అన్నాడు. దగ్గకుండా ఆమెతో మొదలుపెట్టిన మాట అది.

ఆమె నెమ్మదిగా, చేపల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

“పొద్దుగూకేటప్పటికి సందు మొగలో బండి సప్పుడు వినపడతాది. గుంటడు వచ్చినాడని కంచం తీస్తాను. నువ్వు లోపలికి వస్తావు. రోజూ వస్తాడు, రోజూ పోతాడు. ఎన్నిమార్లు పోగొట్టుకోవాల మావా ఆడ్ని?”

కెరటం వచ్చి బండి చక్రాన్ని తడిపి పోయింది.

“కిరాణా కొట్టుకి కూడా బండి నేకుండా ఎల్లని గుంటడు. అక్కడ ఎలగున్నాడో, ఏటో. ఆడి బండి ఆడికి పంపించినాను. తాడిచెట్టు గుడికి అడ్డం వచ్చిన కాడ దించమన్నాను. అక్కడ వల పడదు కదా అనుకున్నాను.”

“నాకు ఒక్క ముక్క సెప్పకూడదా?”

“నువ్వు పిలిస్తే కదా పలకడానికి! నన్ను పిలవడం మానేసి ఎన్నాళ్ళయిపోనాదో నీకు తెలుసునా? బండికి సెప్పుకునేవోడివి. నాకు బండి కూడా నేదు.”

ఎవరో ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. గంగులు పెద్ద గొంతు సవరించుకున్నాడు. ఆయనకూ కళ్ళు తడిశాయి గాని కట్టుబాటు కట్టుబాటే.

“కూర్మయ్యా, తగువు పెట్టినోడివి నువ్వు. నీళ్ళలో నిలబడి తప్పు సేసినోళ్ళ పేరు పైకి సెప్పాల. సెప్తే తగువు తీరినట్టు. ఆ తరవాత తప్పు కాస్తావో, జరిమానా ఏస్తావో నీ ఇష్టం. సెప్పకపోతే ఈ పాపం ఊరందరిదీ. రేపు ఒక్క తెప్పా దిగదు.”

“తెలిసిపోనాది కదా పెద్దా!” అన్నాడు సోములు.

“మనకి తెలిస్తే సాలదు. పేరు సెప్పాల.”

కూర్మయ్య లేచాడు. బండి పిడిని ఒకసారి తాకాడు. ఎర్ర తోరం వేళ్ళకు తడిగా తగిలింది. నీళ్ళలోకి దిగి మోకాళ్ళలోతులో ఆగాడు. ఎదురుగా తాడిచెట్టు లెక్కకు అందే ఆ చోటు, పైకి ఏమీ ఎరగనట్టు, నీలంగా కదులుతోంది. నోరు తెరిచాడు. ‘ధనరాజు అమ్మ’ అని నాలుక మీదికి వచ్చింది. అది పేరు కాదు. కొడుకును అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళూ ఆమెను పిలిచాడు. ఇప్పుడు మధ్యలో కొడుకు లేడు.

కట్టుబాటు ప్రకారం సముద్రం వైపు చూసి చెప్పాలి. కూర్మయ్య ఒడ్డుకు తిరిగాడు. గంప పక్కన నిలబడి ఉన్న మనిషిని సూటిగా చూశాడు. ఆమె భుజాలు బిగించుకుని ఎదురుచూస్తోంది.

ఒడ్డు ఒడ్డంతా వినబడేట్టు, జీవితంలో మొదటిసారి ఆమె పేరు పైకి అన్నాడు.

“గురమ్మా!”