చేతులు మాత్రమే

జమ్మలమడుగు బస్టాండు అరుగు మీద కూర్చుని తిరుపాల్ ఒంటి వేలితో వార్త కొడుతున్నాడు. కళ్లజోడు ముక్కు కొసకు జారింది. ఎండకు తెర కనబడక ఫోనును చొక్కా నీడలోకి లాక్కుని, మెడ వంచి, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతున్నాడు. పులివెందుల బస్సు వచ్చేలోగా పంపేయాలి.

జిల్లా పేజీల్లో కుర్రకారు శీర్షిక ఆయనది. ప్రొద్దుటూరులో మొదటి ఇంటర్నెట్ సెంటర్ తెరిచినప్పుడు వార్త రాసింది ఆయనే. మిస్డ్ కాల్ ప్రేమలు, ఆటల పిచ్చి, సెల్ఫీల సరదా, ఇప్పుడు రీల్స్. ఫోనులో ఏ వింత పుట్టినా డెస్కు వాళ్లకు తిరుపాలే గుర్తొస్తాడు. మోజుండి పట్టిన పని కాదు. రాజకీయాలు, హత్యలు మిగతా విలేకరులు పంచుకోగా మిగిలింది ఇది. యాభై దాటిన మనిషికి కుర్రకారు సంగతులెందుకని కొడుకు నవ్వుతాడు. ఆ కుర్రకారూ ఆయన పేజీ చదవదు.

ఇవాళ్టి వార్త బుష్రా గురించి. ఈ ఊరి పిల్లే, డిగ్రీ చదువుతూ ఇంట్లో మగ్గం పని చేస్తుంది. జాకెట్ల మీద జరీ కుట్టే తన చేతులు మాత్రమే వీడియో తీసి పెడుతుంది. ముఖం ఉండదు, పేరుండదు. ఎక్కడెక్కడి వాళ్లో చూసి పని ఇస్తున్నారు. తల్లి ఖమ్రున్నీసా తెలిసే ఊరుకుంది. కువైట్‌లో ఉన్న తండ్రి వలి బాషాకు మాత్రం తెలియదు. పొద్దున తిరుపాల్ మాట్లాడి లేస్తుంటే ఆ పిల్ల వాకిలిదాకా వచ్చింది.

"పేరు రాయొద్దు మామా. మా అబ్బాకు తెలిస్తే ఫోనే కాదు, సదువు గూడా ఆగిపోతాది."

రాయనని మాటిచ్చాడు. మనసారానే ఇచ్చాడు.

పంపేసిన వార్తను బస్సులో మళ్లీ చదువుకోవడం ఆయన అలవాటు. అప్పుడది ఇంకెవరో రాసినట్టుంటుంది. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు తెరిచి చదివాడు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. పేరుంది. తండ్రి పేరుంది. వీధి కూడా ఉంది. ఈ పనిలో చేరిన కొత్తలో ఒక పెద్ద విలేకరి నూరిపోశాడు, ఈ మూడూ లేనిది వార్త కాదు, పుకారని. నోరు ఇచ్చిన మాట వేలికి తెలియలేదు.

కడప డెస్కులో పేజీలు పెట్టే షాహుల్‌కు ఫోను చేశాడు. ఎత్తలేదు. అతను పనిలోకి వచ్చేది మధ్యాహ్నం దాటాకే. పేర్లూ వీధీ తీసేయమని మెసేజి పెట్టి, పులివెందుల చేరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ కాలేజీ హాల్లో ఫోను ఆటల పోటీ జరుగుతోంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న పిల్లలు తలెత్తకుండా ఒకరినొకరు చంపుకుంటున్నారు. తిరుపాల్ ఫొటోలు తీశాడు. గెలిచినవాణ్ణి తండ్రి పేరు అడగబోయి నోరు మూసుకున్నాడు.

సాయంత్రానికి షాహుల్ దొరికాడు.

"ఇంగా పేజీ పెట్టలేదన్నా. పేర్లు, వీధి తీసేసినాలే. నువ్వు కంగారు పడొద్దు."

తిరుపాల్‌కు ప్రాణం లేచొచ్చింది. బస్టాండులో నిమ్మకాయ సోడా తాగాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తిరుగు బస్సులో ఉండగా ఖమ్రున్నీసా ఫోను చేసింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయన్ను భయపెట్టింది.

"పేపర్లో రేపొస్తాదంటివి గదన్నా. ఆయన కువైట్‌లో అప్పుడే సదివినాడు."

డెస్కుకు చేరిన వార్తను పేజీ కంటే ముందు వెబ్‌సైటు వాళ్లు ఎత్తుకుంటారు. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. నెట్‌లోకి ఎక్కింది ఇక దిగదు, జాగ్రత్త అని ఆడపిల్లలకు బుద్ధులు చెబుతూ నిరుడు పేజీ సగం నింపినవాడు. అయినా ఆయన లెక్కలో వార్తంటే ఇప్పటికీ తెల్లారి గడపలో పడే కాగితమే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు షాహుల్‌కు మళ్లీ ఫోను చేసి వెబ్‌లోంచి తీయించాడు. సిగ్గుతో పక్క సీటు మనిషి ముఖం కూడా చూడలేకపోయాడు.

ప్రొద్దుటూరు దాకా తీసుకున్న టికెట్టు జేబులోనే ఉండగా జమ్మలమడుగులో దిగిపోయాడు. వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఖమ్రున్నీసా తలుపు తీసి పక్కకు జరిగింది. బుష్రాను చిన్నాయన వచ్చి ఆటోలో కమలాపురం తీసుకుపోయాడని చెప్పింది. పిల్ల ఫోను చిన్నాయనే తన జేబులో వేసుకున్నాడట. ఇక కాలేజీ లేదట. ఆ ఊళ్లోనే ఒక సంబంధం చూశారట.

"నేను మాట్లాడతా వలి బాషాతో," అన్నాడు తిరుపాల్.

"ఏమని?"

తిరుపాల్ జేబులోంచి తీసిన ఫోనును మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"పోయేటప్పుడు అది ఏడ్సలేదన్నా," అందామె. "మామకు సెప్పినా గదమ్మా అని మాత్రం అనింది."

ఆమె మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. తిరుపాల్ వసారాలో నిలబడ్డాడు. మగ్గం మీద జాకెట్టు గుడ్డ బిగించి ఉంది, సగం నెమలి కుట్టి ఉంది. పక్కన కిటికీ ఊచకు, బట్టల హ్యాంగరు తీగను మెలితిప్పి చేసుకున్న ఫోను స్టాండు కట్టి ఉంది. అందులో ఫోను లేదు. ఖాళీ తీగ మగ్గం మీదికి వంగి ఉంది.