కృపారావు బీరువాలో టీసీ

సోమవారం సాయంత్రం అయిదులోగా టీసీ, ఇంటర్ మార్కుల లిస్టు చూపించకపోతే శ్రీకాకుళం డిగ్రీ కాలేజీలో ప్రిస్కిల్లాకు వచ్చిన ఫిజిక్స్ సీటు ఇంకొకరికి పోతుంది. ఆ కాగితాలు నెల్లిమర్లలో పెదనాన్న కృపారావు బీరువాలో ఉన్నాయి. తండ్రి శాంతికుమార్‌ను సమాధి చేసిన వారానికే, "నీకిప్పుడు మనసు నిలకడగా ఉండదమ్మా, నా దగ్గరుంటాయిలే" అని ఆయన పట్టుకెళ్లాడు. అప్పట్లో ప్రిస్కిల్లా తల్లి సత్యవతి ఎవరేమన్నా తలూపేది.

శనివారం తల్లీకూతుళ్లు విజయనగరం నుంచి వెళ్లి అడిగారు.

"ఫిజిక్సా?" కృపారావు నవ్వాడు. "ఇరవయ్యేళ్లు బళ్లో ఆ ఫిజిక్సే సెప్పి నువ్వేటి సాధించేవు టీచరమ్మా? ఇప్పుడు పిల్లకి కూడా తగిలిస్తావేటి?"

"అది ఇష్టపడి తెచ్చుకున్న సీటు, బావగారూ."

"ఇష్టమట! ఇంజనీరింగ్ సీటుకి నాను మాటాడేసేను. తమ్ముడు ఆస్పత్రిలో నా సెయ్యి పట్టుకుని మరీ సెప్పేడు. అన్నయ్యా, పిల్లని ఇంజనీర్ని సెయ్యి అన్నాడు. పోయినోడి మాట తీసి పారేస్తావా?"

ఆ మాట వచ్చినప్పుడల్లా తల దించుకునే ప్రిస్కిల్లా ఇప్పుడూ దించుకుంది.

"మొగుడు పోయి మూడు నెల్లు కాలేదు, అప్పుడే సొంత పెత్తనం," అంది వంటింట్లోంచి తోడికోడలు కృపారాణి, వినబడేటట్టే.

"రేపు మనింట్లోనే సంఘం కూడిక. పాస్టరుగారు పిల్ల నెత్తి మీద సెయ్యేసి ప్రార్థన సేస్తారు. అప్పుడు మాటాడదాం," అన్నాడు కృపారావు.

ఆయన ఎత్తు సత్యవతికి అర్థమైంది. సంఘం ముందు ప్రార్థనలో పెట్టిన సంగతిని వాళ్లలో ఎవరూ వెనక్కి తీసుకోరు. దేవుడికి మాట ఇచ్చినట్టే లెక్క.

ఆదివారం సాయంత్రం చాపల మీద ముప్ఫై మంది కూర్చున్నారు. పాటలయ్యాక కృపారావు ఒక చీటీ అందించాడు. పాస్టరు సంజయ్ పైకి చదివాడు: "ప్రిస్కిల్లా ఇంజనీరింగ్ చదువు. తండ్రి చివరి కోరిక." పిల్లను దగ్గరకు రమ్మన్నాడు.

సత్యవతి లేచింది. "సాక్ష్యం చెప్పాలండీ."

సాక్ష్యానికి లేచిన మనిషిని మధ్యలో ఆపే అలవాటు ఆ సంఘానికి లేదు. మరదలు దారికొచ్చిందనుకుని కృపారావే ముందుగా "స్తోత్రం" అన్నాడు.

"నా భర్త ఆస్పత్రిలో నాలుగు రోజులున్నారు. చేర్చినప్పటి నుంచి చివరిదాకా ఆయన నోట్లో గొట్టం ఉంది. నేను ఆ మంచం వదల్లేదు. ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా బావగారితోనూ మాట్లాడలేదు."

"కూకో!" కృపారావు అరిచాడు. "నా ఇంట్లో, సంఘం ముందు నన్ను అబద్ధాలకోరంటావా?"

"చెప్పనివ్వండి పెద్దయ్యా," అన్నాడు సంజయ్.

"పిల్ల కాగితాలు ఆ బీరువాలో ఉన్నాయి. ఇప్పించండి. ఏ చదువు కోసం ప్రార్థించాలో తర్వాత అదే చెబుతుంది."

అందరి చూపులూ కృపారావు మీదే ఉన్నాయి. ఆయన విసురుగా లోపలికి పోయాడు. బీరువా తలుపు దభాలున మోగింది. ఫైలు వచ్చి సత్యవతి కాళ్ల ముందు పడింది.

"పట్టుకుపో. నాకింక తమ్ముడూ లేడు, మరదలూ లేదు. మళ్లీ ఈ గుమ్మం తొక్కేవంటే కాళ్లిరగ్గొడతాను."

ఆమె వంగి, ఒక్కొక్క కాగితమూ చూసుకుని మరీ లేచింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ప్రిస్కిల్లా ఫైలును గుండెకు హత్తుకుని ఉంది. మొహంలో సంతోషం లేదు.

"నాన్న ఆఖరి మాట కాదంటున్నానని ఇన్నాళ్లూ ఏడ్చానమ్మా. అప్లికేషన్‌లో ఫిజిక్స్ అని పెడుతుంటే నాన్నకు ద్రోహం చేస్తున్నాననుకున్నాను. నీకు నిజం తెలుసు. ఎందుకు ఊరుకున్నావ్?"

"నాన్న నాతో కాకపోయినా, ఎవరితోనో ఒకరితో మాట్లాడే పోయారని అనుకోవాలనిపించేది," అంది సత్యవతి.

"నీకు బాగానే ఉంది. ఏడ్చింది నేను కదా," అంది ప్రిస్కిల్లా.

బస్సు వచ్చింది. ఇద్దరు పట్టే సీటు ఖాళీగా ఉన్నా, పిల్ల ముందుకెళ్లి ఎవరో ముసలావిడ పక్కన కూర్చుంది.