ఘాట్ ఎక్కని మాట

పొద్దుగాల్నే లేసి ప్రేమమ్మ పులిహోర కలిపింది. బీడీల చాటను మంచం కిందికి నెట్టింది. పెండ్లయినప్పటిసంది ఒక రోజంత ఉత్తగ తిరిగొద్దామని బయలెల్లుడు ఆమెకు ఇదే మొదలు. దసరా సెలవులు. భర్త తోమాసు దోస్తును అడిగి కారు తెచ్చిండు. మెట్‌పల్లిల విత్తనాల దుకాణంల పనిచేసే ఆ మనిషి నోట సెలవు అన్న మాట ఆమె ఎన్నడూ ఇనలేదు.

"కుంటాల జలపాతం చూపిస్త. తోవపొంటి గుట్టలు చూడు, పానం హాయిగైతది" అన్నడు.

"ఏంజెల్‌ను గూడ తీస్కపోదాం."

"దానికి చర్చిల పాటల ప్రాక్టీసున్నది. పక్కింటి మమతారాణి చూస్కుంటది" అన్నడు తోమాసు, కారు అద్దం తుడుస్తూ.

ఏంజెల్ ప్రేమమ్మ కన్నబిడ్డ కాదు, చెల్లె స్తుతి కన్నది. కాన్పయినంక స్తుతి దవాఖానలనే పడి ఉంటే, పసిగుడ్డును ప్రేమమ్మ ఇంటికి తెచ్చుకున్నది. తల్లి కోలుకునేసరికి పిల్ల ప్రేమమ్మనే అమ్మ అనుకొని అవ్వ అన్నది, తోమాసును బాపు అన్నది. ఆ పిలుపులను ఎవరూ మార్పియ్యలే. స్తుతి, ఆమె భర్త జాన్సన్ హైదరాబాదుల ఉంటరు, పండుగకో పబ్బానికో వచ్చిపోతరు.

గోదావరి వంతెన దాటినంక సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసి ఉన్నయి. నిర్మల్ దాటంగనే గుట్టలు మొదలైనయి. వానలకు కడిగినట్టున్న టేకు చెట్లు, వాటి మీదికెళ్లి పొగలెక్క మబ్బు. ప్రేమమ్మ అద్దం దించి మొఖం గాలికి పెట్టింది.

గుట్ట మీదికి మలుపులు తిరిగే ఘాట్ రోడ్డు కింద బండ్లు ఆగి ఉన్నయి. కడుపుల దాచుకున్న మాట ఉంటే అక్కడ బండి ఎక్కదు. అందుకే అందరూ ఆగి, సీతాఫలాలు కొనుక్కుంట, చెప్పుకునేటియి చెప్పుకుంటరు. ఒక లారీ డ్రైవర్ క్లీనర్‌తోని "నీ చెప్పులు నేనే ఏస్కపోయిన్రా" అన్నడు. "నాకెర్కే" అని క్లీనర్ లారీ ఎక్కిండు. బస్సు కండక్టర్ అంతయ్య, టికెట్ అడిగినట్టే, "ఎవలికన్న మిగిలినయా? జల్ది చెప్పుకోండ్రి" అని అరుస్తుండు.

తోమాసు ఆగలే. తనది అబద్ధం కాదు, మంచికే దాచిన మాట, దానికి బరువేముంటది అనుకున్నడు.

రెండో మలుపుల కారు గురక పెట్టి ఆగింది. ప్రేమమ్మ నవ్వింది. "నాదే కావచ్చు. మొన్న చేపల కూర పిల్లి తిన్నదన్న గదా, మా అవ్వకు పంపిన."

కారు జర ముందుకు పోయింది, మల్ల ఆగింది.

"నీ సెల్లు పలిగింది నా చేతులనే" అన్నడు తోమాసు. ఇంకో మలుపు ఎక్కింది. కింద లోయంత పచ్చగ కనిపిస్తుంది. అక్కడ పూర్తిగ ఆగిపోయింది.

"ఇంకేమున్నదయ్యా?"

"ఏం లేదు."

ఆ మాటతోని ఇంజనే బందైంది. ఎన్క బస్సు హారన్ కొట్టింది. అంతయ్య దిగొచ్చి అద్దం మీద తట్టిండు. "అన్నా, చెప్పేయ్. ఎన్క జనం పరేషానైతున్నరు."

తోమాసు స్టీరింగు ఇడువలే. "ఇయ్యాల స్తుతోళ్లు వస్తుండ్రు. ఏంజెల్‌ను తీస్కపోతరు. కన్నతల్లి అడిగితే కాదనబుద్ధి కాలే. నువ్వు ఏడుస్తుంటె చూడలేక..."

ప్రేమమ్మ అద్దం పైకెక్కించింది.

"అందుకేనా నాకు గుట్టలు చూపిస్తున్నవు?"

ఎవలూ తాళంచెవి తిప్పకముందే కారు చాలూ అయింది. దూదిలెక్క కదిలింది. ప్రేమమ్మ తలుపు తీసి దిగింది.

"ప్రేమా, ఎక్కుతుంది, కూసో!"

"నీది ఎక్కుతది. నీ బరువు దించుకున్నవు గదా" అన్నది. దిగువకు పోయే బస్సుకు చెయ్యి ఎత్తింది.

నిర్మల్‌ల బస్సు మారి ఆమె మెట్‌పల్లి చేరేసరికి వాకిట్ల జాన్సన్ కారు చాలూల ఉన్నది. ఎన్క సీట్ల కొత్త గౌనేసుకొని ఏంజెల్ కూసున్నది. అవ్వను చూసి మొఖం అటు తిప్పుకున్నది.

"బిడ్డా..."

"నువ్వే పంపుతున్నవట గదా. నా మొఖం చూడలేక తిరగపోయినవట. బాపు చెప్పిండు."

ప్రేమమ్మ కారు తలుపు గట్టిగ పట్టుకున్నది. బిడ్డను పంపుడే కాదు, ఆ బిడ్డ మనసుల తనను ఇడిచిపెట్టిన తల్లిని చేసిండు తోమాసు.

"నాకు తెల్వదు బిడ్డా. ఘాట్ మీద ఇప్పుడే తెలిసింది."

ముందు సీట్ల స్తుతి ఎన్కకు తిరిగింది. "నువ్వు ఒప్పుకున్నవని బావ అన్నడు అక్కా."

"నన్ను అడిగినవా?"

స్తుతి తల దించింది. "అడిగితే ఇయ్యనంటవని భయపడ్డ."

ఏంజెల్ తలుపు తీసుకొని దిగింది. జాన్సన్ ఏదో అనబోతే స్తుతి ఆయన చెయ్యి పట్టుకున్నది. "ఇయ్యాల వద్దు. ఇట్ల తీస్కపోతే ఇది నన్ను గూడ నమ్మదు." బ్యాగు తనే దించి గడపల పెట్టింది. అక్క మొఖం చూడకుండనే కారెక్కింది.

పొద్దుగూకంగ తోమాసు వచ్చి వాకిట్ల నిలబడ్డడు. పై మలుపుల కారు మల్ల ఆగిందట, జలపాతం దాక పోలేదట. "ఏంజెల్, అవ్వకు చెప్పు, ఇగ ఏదీ దాయను" అన్నడు.

పిల్ల లోపటికొచ్చి ప్రేమమ్మ పక్కన కూసున్నది.

"అవ్వా, బాపు నిజం చెప్తుండో లేదో ఎట్ల తెలుస్తది?"

ప్రేమమ్మ వాకిట్లకు చూసింది.

"ఏమో బిడ్డా. మన మెట్‌పల్లిల ఘాట్ లేదు."