బొమ్మకి బండి అడ్డం

నేను ఒక ఇనప్పెట్టెను. నగలు దాచుకునే పెట్టెను కాను, కరెంటు పెట్టెను. వీధి మలుపుల్లో సిమెంటు దిమ్మ మీద నిలబడి, చుట్టుపక్కల ఇళ్లకి దీపాలూ ఫ్యాన్లూ అందించే జాతి మాది. మా మీద పుర్రె బొమ్మా, దాని కింద అడ్డంగా రెండు ఎముకలూ ఉంటాయి. ఆ బొమ్మ ఒక్కదానితోనే బతుకు వెళ్లిపోయి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఊరి బయట పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డు కింద నన్ను అతికారు. వెల్డింగు చేసినతను పాడుకుంటూ పని చేసే మనిషి. అందుకే కాబోలు నా ఎడమ తలుపు కాస్త వంకరగా కుదిరింది. బూడిదరంగు పూసి, లారీ ఎక్కించి, సముద్రం ఒడ్డున ఉన్న ఈ నగరంలో నీలాలవీధి మలుపున దించారు.

మొదట్లో నన్ను మనుషులు రెండే పనులకి వాడుకున్నారు. మొలల డాక్టర్లూ ట్యూషన్ మాస్టార్లూ కాగితాలు అంటించేవారు. మిగతావాళ్లు వెనక్కి వచ్చి నిలబడేవారు. ఆ పనికి కుక్కలూ వచ్చేవి కానీ, అవి ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించేవి కావు.

ఆ రోజుల్లో సన్యాసమ్మ వచ్చింది. ఆమె మొగుడు రేవులో బస్తాలు మోసి మోసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆ తర్వాత ఆమె నాలుగు చక్రాల తోపుడు బండి సంపాదించి, పొద్దున్నే ఇడ్లీ, పునుగులు, అల్లం పచ్చడి పెట్టుకుని నా పక్కన నిలబడింది. వచ్చిన మొదటి రోజే బకెట్టు నీళ్లతో నా వెనక నేలంతా కడిగింది. ఎవడైనా అటు నడిస్తే గరిటె చూపించేది.

"ఇక్కడ మనుషులు తింతన్నారు బాబూ. అటెల్లు."

అంతే, నేను శుభ్రపడ్డాను. నా మీద కాగితాలు కూడా తనే గోళ్లతో గీకి పారేసేది. వానాకాలంలో నా వంకర తలుపు సందులోకి నీళ్లు పోకుండా ప్లాస్టిక్ గోనె కప్పి, లైన్‌మన్ కొండలరావుకి కబురు పెట్టేది. నాలో నిప్పుందని ఆమెకి భయం. నా వల్ల వీధికి వెలుగుందని మర్యాద. ఈ రెండూ కలిపి నాకు ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

అలా చాలాకాలం గడిచాక నగరాన్ని అందంగా చెయ్యాలని పైవాళ్లకి బుద్ధి పుట్టింది. రోడ్ల గుంతలు పెద్ద పని. మురుగుకాలవలు ఇంకా పెద్ద పని. కరెంటు పెట్టెలు చిన్నవి, ఎక్కడివక్కడే నిలబడి ఉంటాయి, మాట్లాడవు. వాటి మీద చిత్రకారుల చేత బొమ్మలు వేయించాలని నిర్ణయించారు. ఆ పని చూసే అధికారి పేరు భుజంగరావు. ఏ పెట్టె మీదైనా ఆ వీధిలో కష్టపడి బతికే మనుషులే కనిపించాలని ఆయన అందరికీ చెప్పాడట. మాట మంచిదే.

నా వంతుకి వచ్చిన అమ్మాయి వాహిని. బొమ్మల చదువు ముగించి, పెళ్లి కార్డులకి డిజైన్లు గీస్తూ బతుకుతోంది. ఇది ఆమెకి దొరికిన మొదటి పెద్ద పని. రోజూ వచ్చి సన్యాసమ్మ దగ్గర పునుగులు తిని, వీధిని చూస్తూ కూర్చునేది. ఒక రోజు తినడం ఆపి అడిగింది.

"పిన్నీ, నీ బొమ్మ వేస్తాను. సరేనా?"

"నా మొకమేటి పాపా, ఆ ఇనప్పెట్టె మీద? ఏ దేవుణ్ణో ఎయ్యి."

"దేవుళ్లు ఎదురు గోడ మీద ఉన్నారు. ఇక్కడ నువ్వే ఉండాలి."

సన్యాసమ్మ గిన్నె దగ్గరికి లాక్కుని పిండి కలపసాగింది. తల ఎత్తకుండానే అంది. "ఏస్తే ముక్కుపుడక ఎట్టు. ఇదివరకుండేది. ఆయన మందులకి పోయింది."

వాహిని పెట్టింది. ముక్కుపుడక, ఆకుపచ్చ చీర, చేతిలో గరిటె, ఆవిరి చాటున నవ్వుతున్న ముఖం. నా రెండు తలుపుల మీదా నిండుగా సన్యాసమ్మ. పుర్రె బొమ్మ అశుభంగా ఉందని భుజంగరావు మనుషులు దాన్ని పీకేశారు.

ఆ కొన్ని వారాలూ నేను గర్వపడ్డాను, దాచుకోను. జనం ఆగి ఫొటోలు తీసుకునేవారు. బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూసి, అలాగే ఒక ప్లేటు తినేవారు. సన్యాసమ్మ బండి సర్దాక, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు, కొంగుతో ముఖం తుడుచుకుని తన బొమ్మ ఎదుట నిలబడేది.

తర్వాత ఎక్కడినించో పెద్దలు వస్తున్నారన్నారు. అందమైన నగరాలకి బహుమతులిచ్చే పెద్దలు. ముందురోజు భుజంగరావు కారు దిగి, రోడ్డుకి అవతల నిలబడి నన్ను చూశాడు. కుడికి జరిగాడు. ఎడమకి జరిగాడు.

"బండి అడ్డం వస్తోంది. బొమ్మ కనపడట్లేదు," అన్నాడు.

సన్యాసమ్మ చేతులు తుడుచుకుని ఎదురు వెళ్లింది. "బాబూ, ఆ బొమ్మ నాదేనండి."

ఆయన బొమ్మ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నిజంగానే సంతోషించినట్టు కనిపించాడు. "అవునా? చాలా బాగా వచ్చావమ్మా," అన్నాడు. పక్కవాళ్ల వైపు తిరిగి, "తీయించండి," అన్నాడు.

ట్రాక్టరు వచ్చింది. ఆమె అరవలేదు, కాళ్లు పట్టుకోలేదు. స్టవ్ ఆపి, "నూనె సల్లారనీండి బాబూ, ఎవరి మీదన్నా పడతాది," అని మాత్రం అంది. వాళ్లకి తొందర. బండి ఎత్తినప్పుడు బాండీ జారి నూనె నా దిమ్మ మీద ఒలికింది. ఇడ్లీ పాత్ర మూత దొర్లుకుంటూ కాలవలో పడింది. ఆమె వెళ్లి దాన్ని తీసుకుంది. అదొక్కటే మిగిలింది.

మర్నాడు పెద్దలు వచ్చారు. నా పక్కన నిలబడి ఫొటో దిగారు. నగరానికి బహుమతి వచ్చింది.

వాహిని బండి కోసం భుజంగరావు ఆఫీసు చుట్టూ తిరిగింది. రేపన్నారు, పై ఆఫీసన్నారు, బండిని ఏ గోడౌనులో పడేశారో తెలీదన్నారు. ఈలోగా సన్యాసమ్మ ఒక హాస్టల్లో అంట్లు తోమే పనికి కుదిరి, రోజూ నా ముందునుంచే వెళ్లేది, నా వైపు చూడకుండా. ఒక సాయంత్రం వాహిని ఆమెని నా దగ్గరే ఆపింది.

"ఎంత అడిగినా ఇవ్వట్లేదు పిన్నీ."

"నువ్వేటి సేస్తావు పాపా."

"నేను ఈ బొమ్మ వెయ్యకపోతే నీ బండి ఇక్కడే ఉండేది."

సన్యాసమ్మ కాదనలేదు. ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడితే, మళ్లీ తనే అంది. "ఓ పని సెయ్యి. సెరిపీ దాన్ని. రోజూ ఈ దారినే ఎల్తాను. నన్ను సూసి నవ్వతన్నట్టు ఉంటాది."

వాహిని మర్నాడు పొద్దున్నే డబ్బాడు బూడిదరంగు తెచ్చింది. నలుగురూ చూస్తుండగా, ముఖం మీద మొదలుపెట్టి, అంతా కప్పేసింది. కళ్ల దగ్గర మాత్రం బ్రష్షు ఆగింది. తర్వాత అదీ కానిచ్చింది.

ప్రజల ఆస్తి పాడుచేసిందని ఆ అమ్మాయి మీద కేసు పెట్టారు. మళ్లీ వేస్తే వదిలేస్తామన్నారట. ఆమె వెయ్యనంది. ఇక ఈ నగరంలో బొమ్మ వెయ్యడానికి ఏ గోడా ఆమెకి దొరకలేదు.

బొమ్మ వేసే మనిషి లేకుండానే భుజంగరావు పని కానిచ్చాడు. పెద్దలు వచ్చిన రోజున బొమ్మని విడిగా తీసిన ఫొటో ఉందిగా. దాన్ని పెద్ద స్టిక్కరుగా అచ్చు వేయించి, నా చుట్టూ బిగించి అంటించారు. గాలి ఆడటానికి నా పక్కల్లో ఉండే సందులు కూడా దాని కిందకే పోయాయి. మళ్లీ సన్యాసమ్మ నవ్వింది. ఈసారి ఆమెని ఎవరూ అడగలేదు.

ఎండాకాలం వచ్చేసరికి నాకు లోపల ఊపిరాడలేదు. ఒక మధ్యాహ్నం తీగలు కరిగి, పొగ చిమ్మి, తగలబడ్డాను. వీధంతా ఫ్యాన్లు ఆగిపోయాయి. జనం బయటికొచ్చి నన్నే తిట్టారు.

ఇప్పుడు కరెంటు ఆఫీసు వెనక పెరట్లో, తుక్కు ఇనుములో పడి ఉన్నాను. మొన్న కొండలరావు పాత కేబులు పడెయ్యడానికి వచ్చి, కాపలా మనిషితో చెబుతున్నాడు. నీలాలవీధిలో కొత్త పెట్టె పెట్టారట. దానికీ అదే స్టిక్కరు అంటించారట.

"మరి ఆ బొమ్మలో ఆవిడో?" అన్నాడు కాపలా మనిషి.

"ఆ వీధిన రావడం మానేసింది. చేపల మార్కెట్టు చుట్టూ తిరిగి పోతోంది పనికి," అన్నాడు కొండలరావు, కేబులు నా మీద పడేస్తూ. "మోకాళ్ల నొప్పులు కూడాను."