కదలని పలక

దొర వచ్చేలోగా కావలసిన పనులు ఇవీ. పెరటి సావిడి ఊడ్చి కళ్లాపి చల్లించాలి. రాజుగారింటి నుంచి కుర్చీలు మోయించుకు రావాలి. వాటిలో కాలు ఊగేది తాతాజీగారికి వెయ్యకూడదు, దొరకి అసలే వెయ్యకూడదు. టేకు పలకలకి నూనె రాసి నీడన ఆరబెట్టాలి. పనిముట్లకి పసుపూ కుంకుమా పెట్టాలి, అయితే దొరకి మరీ కొట్టొచ్చినట్టు కనబడకూడదు. కొబ్బరి బొండాలు దింపించాలి. దొర అవి తాగడేమోనని టీ కూడా కాయించాలి. చివరగా, అందరూ కూర్చున్నాక, పలక పట్టుకోవాలి.

చెప్పినవారు ప్లీడరు చంద్రరావుగారు. చెయ్యవలసినవాడు ఆయన బంట్రోతు చిట్టియ్య. మొదటి పనులేవీ అతనికి లెక్కలోవి కావు. ఆఖరి పనికే భయపడ్డాడు.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని రోజులవి. రాజమండ్రి పెద్దమనుషులకి ఏడాదికో సరదా పట్టేది. ఒక ఏడు గులాబీ అంట్లు, ఒక ఏడు హోమియోపతీ. ఆ ఏడు వడ్రంగం పట్టింది. వడ్రంగులనిపించుకోవడం ఇష్టంలేక, తమ గుంపుకి దారుశిల్ప వినోద సమాజం అని పేరు పెట్టుకున్నారు. అందులో చంద్రరావుగారు, భీమవరం వైపు భూములుండి ఊళ్లో మేడ కట్టుకున్న వేణుగోపాలరాజుగారు, కలెక్టరు కచేరీలో సిరస్తాదారుగా చేసి పింఛను పుచ్చుకుంటున్న తాతాజీగారు సభ్యులు. ముగ్గురూ కలిసి చేసిన వస్తువల్లా ఒక పీట. అది మూడు కాళ్ల మీద నిలబడేది. నాలుగోది గాలిలో ఉండి చూస్తూండేది.

అలాంటి సమాజానికి మద్రాసులో ఒక పనిముట్ల కంపెనీ ఉత్తరం రాసింది. తాము రౌటరు అనే కొత్త పనిముట్టు తయారుచేస్తున్నామనీ, సరదాకి చెక్కపని చేసుకునే పెద్దమనుషులు దాన్ని వాడి చూసి లోపాలు చెబితే సవరించి అమ్మకానికి పెడతామనీ దాని సారాంశం. ఉత్తరంతోపాటు పెట్టెలో రౌటరు కూడా వచ్చింది. ఇనప పళ్లెం, రెండు చేతులకీ రెండు పిడులు, నడుమ కొక్కెంలా వంగిన ఉలి. పలకలో తవ్విన గాడి అడుగును అది ఒకే లోతున చదును చేస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మన వడ్రంగి నేల మీద కూర్చుని, పలకని పాదాలతో అదిమిపట్టి పని చేస్తాడు. దసరాకి పూజ చేసే సరంజామా దగ్గర కాళ్లు పెట్టడం తప్పని సమాజంవారు తీర్మానించారు. దొరల దేశంలో నిలబడి చేస్తారట. నిలబడి పనిచెయ్యడం కూలి లక్షణమని రాజుగారు అన్నారు. కనక కుర్చీలో కూర్చుని, ఎదుట ఎత్తుపీట మీద పలక పెట్టుకుని చెయ్యడం పద్ధతయింది. పలక జారకుండా చిట్టియ్య గొంతుక్కూర్చుని రెండు చేతులా పట్టుకునేవాడు.

కంపెనీవారు పంపిన ప్రశ్నలకి సమాజం ఏకగ్రీవంగా జవాబులు రాసింది. పనికి ఎందరు కావాలి? ఒక్కరు చాలు. పలక జారుతోందా? రవ్వంతైనా కదలదు. చిట్టియ్యని మనిషి లెక్కలో వెయ్యాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. అబద్ధమాడాలని కాదు పాపం. కుర్చీని లెక్కవేశారా, పీటని లెక్కవేశారా!

మిగతా ఊళ్ల నుంచి వెళ్లిన జవాబులు వేరుగా ఉన్నాయి. మద్రాసులో పలక జారుతోంది. బెంగుళూరులో జారుతోంది. రాజమండ్రిలో మాత్రం కొండలా నిలుస్తోంది. కంపెనీవారు ఆశ్చర్యపోయి, ఆ కిటుకేమిటో చూసి రమ్మని బార్నబీ దొరని పంపారు. ఆయన స్టీమరులో కాకినాడలో దిగి, అక్కడి నుంచి కాలవ పడవలో వస్తున్నాడు.

"మన హస్తవాసి అలాటిది మరి," అన్నారు తాతాజీగారు. ఆయన చేతులు తమలపాకు ఈనె తీస్తున్నప్పుడు కూడా వణుకుతాయి. ఒక కంట శుక్లం కూడా ఉంది. వయసులో పెద్దవారు గనక దొర ఎదుట మొదటి గాడి ఆయనే తియ్యాలని నిశ్చయమైంది.

ఈ మాట విన్నప్పటి నుంచే చిట్టియ్యకి అన్నం సయించలేదు. అంతకుముందే ఒకసారి రాజుగారి చేతిలో ఉలి జారి అతని ఎడమ చూపుడువేలి గోరు లేచిపోయింది. "చూసి పట్టుకోవద్దట్రా? పలకకి రక్తం మరకైంది," అన్నారు చంద్రరావుగారు. ఆ మరక పోవడానికి పలకని మళ్లీ చిత్రిక పట్టించారు. వేలికి చిట్టియ్యే గుడ్డపీలిక చుట్టుకున్నాడు. ఆదివారం ఆదివారం లూథరన్ గుళ్లో కీర్తనలకి డోలక్ వాయించే చెయ్యి అది.

"ఏమయ్యా, ఈసారి గోరుతో పోతుందనుకుంటున్నావా?" అంది పెళ్లాం రూతు, వేలికి పసుపు అద్దుతూ. "ఆ ముసలాయనకి పలకేదో నీ చెయ్యేదో కనబడదు."

"పట్టుకోనంటే నౌకరీ పోద్దే."

"వేళ్లు పోతే మాత్రం ఉంటాదేంటి? ఏలు లేని బంట్రోతుని ప్లీడరుగారు ముద్దు చేసి మేపుతారా?"

చిట్టియ్య పొద్దున్నే చంద్రరావుగారి దగ్గరికెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారండీ, ఈ పూటకి పలకని తాడేసి పీటకి కట్టేద్దామండి."

"ఎందుకురా?"

"తాతాజీగారి చెయ్యి కొంచెం..."

"ఆయన చెయ్యి సిరస్తా నడిపిన చెయ్యి. తాడు కడితే దొర ఏమనుకుంటాడు? పలక కదలదని రాశామా లేదా? కదలని పలకకి తాడెందుకూ?"

"కదలనిది నేను పట్టుకోబట్టేనండి."

"అదే చెబుతున్నాను. నువ్వున్నావుగా, తాడెందుకు?"

ఇంత తర్కం తెలిసిన మనిషికి కోర్టులో కేసులెందుకు పోతున్నాయో చిట్టియ్యకి ఎప్పుడూ అర్థం కాలేదు.

దొర వచ్చాడు. పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన మొహం. బొండాలూ తాగాడు, టీ కూడా తాగాడు. రాజుగారు మెడలో దండ వేశారు. చంద్రరావుగారు సమాజం ఆశయాల గురించి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు. దొర మర్యాదగా విని, ఎత్తుపీట కింద వంగి చూశాడు. మేకులు లేవు, జిగురు లేదు. పలక ఎలా నిలుస్తోందో ఆయనకి అంతుపట్టలేదు. పక్కనే గొంతుక్కూర్చున్న చిట్టియ్యని మాత్రం ఆయనా చూడలేదు. ఆ విషయంలో తెల్లవారికీ మనవారికీ భేదం లేదు.

దొర ఎదురు కుర్చీలో కూర్చున్నాక, తాతాజీగారు కళ్లజోడు సవరించుకుని రౌటరు అందుకున్నారు.

"కానియ్యండి తాతాజీగారూ," అన్నారు రాజుగారు. "మనవాళ్ల పనితనం మద్రాసు దాకా తెలియాలి."

"రాజుగారూ, కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోండి. ఒరే చిట్టియ్యా, గట్టిగా పట్టు," అన్నారు తాతాజీగారు.

చిట్టియ్య పట్టుకున్నాడు. ఉలి పలక మీద కరకరలాడుతూ బయలుదేరింది. గాడి మొదట్లో తిన్నగానే ఉంది. నడిమికొచ్చేసరికి పక్కకి తిరిగింది. తాతాజీగారు మాత్రం గాడి ఉండవలసిన చోటుని కళ్లు చికిలించి చూస్తూ, బలమంతా పెట్టి తోస్తూనే ఉన్నారు. ఉలి మొన చిట్టియ్య ఎడమచేతి వైపు వస్తోంది.

"అయ్యా," అన్నాడు చిట్టియ్య.

"మాట్లాడకు, ఏకాగ్రత చెడుతుంది," అన్నారు తాతాజీగారు.

చిట్టియ్య రెండు చేతులూ తీసేశాడు.

పలక గిర్రున తిరిగి దొర మోకాలి చిప్పకి తగిలింది. తాతాజీగారు రౌటరుతో సహా ముందుకి తూలి దొర కుర్చీ చేతి మీద పడ్డారు. ఆ రోసువుడ్డు చేతి మీద జానెడు పొడవున గాడి పడింది. సమాజం పుట్టిన తర్వాత తీసిన గాళ్లలో తిన్ననిది అదే. కుర్చీ రాజుగారిది.

దొర మోకాలు రుద్దుకుంటూ, మొదటిసారి చిట్టియ్య వైపు చూసి, ఇతనెవరని అడిగాడు.

"ఎవరూ కాదండి," అన్నారు చంద్రరావుగారు.

చిట్టియ్య లేచి, గోడవారన నిలబడి, తన చేతులు తిరగేసి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

దొర మద్రాసు వెళ్లి తన నివేదిక రాశాడు. ఆ దేశపు చెమ్మగాలికి పలక ఉన్నట్టుండి అదుపు తప్పుతోందనీ, రౌటరుతోపాటు పలకని బల్లకి బిగించే మరపట్టు ఒకటి తప్పనిసరిగా అమ్మాలనీ ఆయన సిఫారసు. కంపెనీ అలాగే చేసింది. పెట్టె మూత మీద, సలహాదారులుగా చంద్రరావు, వేణుగోపాలరాజు, తాతాజీ అని ఇంగ్లీషులో అచ్చువేశారు. ఆ మూతని చంద్రరావుగారు హాల్లో గోడకి తగిలించి, వచ్చిన కక్షిదారులందరికీ మరపట్టు ఆలోచన తమకి ఎలా తట్టిందో చెప్పేవారు.

చిట్టియ్యకి దొర వచ్చిన నాటి సాయంత్రమే ఉద్వాసన అయింది. కొన్నాళ్లు పస్తులున్నారు. రూతు వరికోతలకి వెళ్లింది. తర్వాత ధవళేశ్వరం లాకుల దగ్గర తలుపులు తిప్పే పని దొరికింది. బరువు పనే. పది వేళ్లూ కావలసిన పని.

ఆ సమాజం మరుసటేటికే కాశ్మీరు గొర్రెల పెంపకంలోకి మారింది. మరపట్టు మాత్రం ఊరూరా వడ్రంగి బల్లల మీదికి ఎక్కింది. అయ్యా, మీరెప్పుడైనా ఒక చెక్కని అలా బిగించి, రెండు చేతులూ నిశ్చింతగా పనిలో పెడితే, పెట్టె మూత మీద పేర్లు చదువుకున్నా చదువుకోకపోయినా, బంట్రోతు చిట్టియ్యని ఒక్కసారి తలుచుకోండి. పెద్దమనుషులు గట్టిగా పట్టమన్నప్పుడు చేతులు తీసేసినవాడు అతను.