తాబేలు కండువా రంగు

తాబేలు మెడలో ఉన్న కండువా ఎర్రగా ఉందా, వెలిసిపోయిందా అన్న దాని మీద ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ మొదలైంది.

తాబేలు బొమ్మల సినిమాలోది. సముద్రం చూడాలని ఇల్లు వదిలి బయల్దేరుతుంది. పర్చూరు కాలేజీలో ఫిజిక్సు చెప్పే మావారు నాగేంద్రబాబు గుంటూరు వెళ్ళి కొత్త డీవీడీ ప్లేయరుతో పాటు ఆ డిస్కు కూడా అట్టపెట్టెతో సహా తెచ్చారు. నకలు కాదు, అసలుది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి శ్రీదివ్య ఆ ముక్క వీధిలో అందరికీ చెప్పి వచ్చింది.

"ఇదేం అసలుదిరా, కండువా తాలుకాయలాగుంటే" అన్నారు మా మామగారు బుల్లయ్య.

తాలు అంటే రంగు పోయి తెల్లబారిన మిరపకాయ. మా మామగారి నోట అంతకన్నా పెద్ద తిట్టు లేదు. రిమోట్ అందుకుని, రంగు పెంచే గీత తెర చివరికంటా పోయేదాకా మీట మీద బొటనవేలు తీయలేదు. తాబేలు చిలకపచ్చ అయింది. దానికి దారి చెప్పే ముసలాయన ముఖం గుమ్మడిపండయింది. కండువా ఎరుపు అంచులు దాటి సముద్రంలోకి కారిపోతోంది.

"ఇప్పుడొచ్చింది కాయ రంగు" అన్నారు తృప్తిగా.

"తాతయ్యా, కళ్ళు మండుతున్నాయి."

"మిరపకాయని చూస్తే మండకేం చేస్తయ్."

మావారు రిమోట్ లాక్కుని రంగు తగ్గించారు. ఆయన బాధ రంగు కాదు, బొమ్మకి పైనా కిందా ఉన్న నల్లపట్టీలు. ప్లేయరుతో ఇచ్చిన పుస్తకం చదివి ఒక మీట కనిపెట్టారు. అది నొక్కితే పట్టీలు పోయి తెర నిండింది. దాంతోపాటు తాబేలు తోకా పోయింది, పక్కనున్న కొంగకి సగం ముక్కే మిగిలింది.

"నాన్నా, పట్టీలు బొమ్మని కొయ్యట్లా. నువ్వే కోస్తున్నావ్" అంది శ్రీదివ్య.

"ఇరవయ్యొక్క అంగుళాల టీవీ కొన్నది పైనా కిందా నల్లగుడ్డ కట్టుకుని చూట్టానికా? ఫిజిక్సు నువ్వు చెప్తున్నావా, నేను చెప్తున్నానా?"

"మాట్లాడేది కొంగ. ముక్కన్నా కనపడాలిగా."

మా అత్తగారు వెంకటరావమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే అన్నారు. "తాబేలు కనపడుతుంది, మాట్లాడుతుంది. ఇంకేం కావాలయ్యా మీకు? రేడియో ముందు కూర్చున్న రోజుల్లో ఇన్ని తగాదాలు లేవు."

ఇంతలో అరుగు మీది నుంచి "బాబాయ్" అని కేక వినపడింది. మా పక్క చేను కౌలుకు చేసే బుడాన్. తువ్వాల కొంగులో గుప్పెడు మిరపకాయలు కట్టుకొచ్చాడు.

మా ఊళ్ళో ఎవరి కాయైనా కల్లం దాటే ముందు గుప్పెడు మా అరుగు మీదికి వస్తుంది. మామగారు దాన్ని చెవి దగ్గర ఆడిస్తారు. గింజ గలగలమంటే బాగా ఎండినట్టు. తొడిమ తుంచి వాసన చూస్తారు. చివరగా ఎండలోకి పట్టి రంగు చెబుతారు. ఆయన ఎరుపన్నది ఎరుపు, తాలన్నది తాలు. దాని మీద ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. పొలం పోయినా ఆయన తట్టుకుంటారేమో గాని, ఆ మాట పోతే తట్టుకోలేరని నాకెప్పుడూ అనిపించేది.

ఆయన కాయ ఆడించారు, వాసన చూశారు, ఎండలోకి పట్టారు. "ఏందిరా బుడానూ, మంచు పట్టిందా? ఎరుపు చచ్చిపోయింది. సగం తాలే."

"నేను బానే ఉందనుకున్నా బాబాయ్. గుంటూరు మిర్చి యార్డుకేద్దామని..."

"బస్తాల కిరాయి దండగ. ఊళ్ళోకొచ్చే వ్యాపారికిచ్చెయ్, వచ్చిన కాడికి."

బుడాన్ కాసేపు తువ్వాల వంకే చూశాడు. "నువ్వంటే అంతేలే. రేపు పొద్దున వ్యాపారి వస్తున్నాడు, ఇచ్చేస్తా" అని, కాయలు అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ నేను వాటిని చూశాను. నేనైతే ఏడాది కారానికి ఆ కాయే ఎత్తిపెట్టుకునేదాన్ని.

మేం లోపలికి వచ్చేసరికి శ్రీదివ్య సినిమా ఆపి ఎక్స్‌ట్రాలు పెట్టింది. సినిమా ఎలా తీశారో, బొమ్మలు ఎవరు గీశారో చూపించే ముక్కలు. అది అసలు సినిమా కంటే వాటినే ఎక్కువసార్లు చూసింది.

"పచ్చడి తిన్నాక రోలు చూపిస్తారేందే" అన్నారు అత్తగారు.

"చూడు నాయనమ్మా. ఇది పాత సినిమా. రీలంతా పాడైతే బాగుచేసి డీవీడీ వేశారు. ముందెట్టా ఉందో, తర్వాతెట్టా ఉందో పక్కపక్కన చూపిస్తారు."

తెర మధ్యలో నిలువుగా ఒక గీత వచ్చింది. ఎడమ వైపు పాత రీలు. గీతలు, మచ్చలు, బొమ్మంతా టీ డికాక్షన్‌లో ముంచి తీసినట్టుంది. కుడి వైపు అదే తాబేలు, కడిగినట్టు. నీలంగా సముద్రం, ఎర్రగా కండువా. నల్లపట్టీల మీద అలిగి కూర్చున్న మావారు కూడా "అబ్బో" అన్నారు.

"ఒకే బొమ్మని రెండుసార్లు చూపిస్తారేం?" అన్నారు మామగారు.

శ్రీదివ్య నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఎడమ పక్క గీతలున్నయ్, సరే. రంగులో తేడా ఏది?"

"తాతయ్యా, ఎడమది పసుపు కొట్టేసింది. కుడిది..." అంటూ అది మధ్యలో ఆగిపోయింది.

మామగారు లేచి టీవీ దగ్గరికి నడిచారు. ఒక కన్ను మూసి చూశారు, తర్వాత రెండోది మూసి చూశారు. ఈ మధ్య ఆయన కాయని చెవి దగ్గర ఎక్కువసేపు ఆడిస్తున్నారని, ఎండలో మాత్రం తొందరగా దించేస్తున్నారని నాకప్పుడు తట్టింది.

ఆయన అరుగు మీదికి వెళ్ళారు. కాసేపటికి రెండు కాయలు పట్టుకుని, అత్తగారూ నేనూ ఉన్న వంటింట్లోకి వచ్చారు. ఒకటి బుడాన్‌ది. రెండోది మా కల్లంలో ఏరి పారేసిన తాలు.

"ఏమే, వీటిలో ఎర్రనిదేది?"

"కుడిచేతిలోది" అన్నారు అత్తగారు. "ఏం, మీకు కనపడట్లా?"

"కనపడకేం. నీకు కనపడుతుందో లేదో అని."

"నాకు బాగానే కనపడుతుంది. ఎడమచేతిలోది కోడి కూడా ముట్టదు."

ఆయన కుడిచేతిలో ఉన్న బుడాన్ కాయని వెలుగులోకి పట్టి చాలాసేపు చూశారు. అత్తగారు నోటిదాకా వచ్చిన మరో మాటను దిగమింగి చిక్కుడుకాయల మీద పడ్డారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ అలా ఊరుకోవడం నేను చూళ్ళేదు.

మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. చిక్కుడుకాయ కూర, పప్పుచారు. నల్లపట్టీల గొడవ మళ్ళీ రాజేద్దామని మావారు ప్లేయరు పుస్తకం పక్కన పెట్టుకునే కూర్చున్నారు. నేను మజ్జిగ పోయబోతుంటే మామగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"తినంగానే నేను బుడాన్ ఇంటికి పోతన్నా. కాయ అమ్మబాక, యార్డుకెయ్ అని చెప్పాలి."

"మీరెందుకు నాన్నా, నేను కబురు పెడతాగా" అన్నారు మావారు.

"కబురు పనికిరాదు. నా నోటితో తాలన్నాను, నా నోటితోనే కాదనాలి. ఎందుకు కాదంటున్నానో కూడా చెబుతా. లేకపోతే వాడు నమ్మడు."

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఊళ్ళో ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు.

"పోతే పోయింది" అన్నారు ఆయనే. "ఒకడి కాయ తాలు చేసేదానికంటే నా కన్ను తాలని చెప్పుకోవటం నయం. రేపు గుంటూరు కంటాసుపత్రికి పోతన్నాం. పొర తీయించుకుంటా. నాలుగు రోజులు కాయ ఎవరు తెచ్చినా మీ అమ్మకి చూపించండి."

"నాకు తీరికుండొద్దూ" అన్నారు అత్తగారు. ఆ గొంతులో కొంచెం గర్వమే వినపడింది నాకు. తర్వాత మెల్లిగా అడిగారు. "రెండు కళ్ళకీనా?"

"ముందు ఒకదానికే. రెండోది ఇంటికి కాపలా ఉండొద్దూ" అని, అడ్డం పెట్టిన చెయ్యి తీసి, "పొయ్యమ్మాయ్ మజ్జిగ" అన్నారు.