పిల్లల వరుసలో

ఇస్త్రీ యంత్రంలోంచి దుప్పటి ఆవిరి కక్కుకుంటూ బయటికి వచ్చింది. ఒక చివర ఫెలీసా, రెండో చివర మైలిన్ పట్టుకున్నారు. ఎదురెదురుగా నడిచి అంచులు కలిపారు, వెనక్కి జరిగారు, మళ్ళీ కలిశారు. నాలుగు మడతలు. అది బల్ల మీద పడేసరికి ఇంకొకటి సిద్ధం. విన్నిపెగ్ నగరంలోని ఆసుపత్రుల మురికంతా ఈ షెడ్డుకే వచ్చి తెల్లబడి పోతుంది. పందొమ్మిదేళ్ళుగా ఫెలీసాకి ఇదే పని.

పొట్టి మనిషి. యాభైకి రెండేళ్ళు తక్కువ. వేడి బట్టలు పట్టీ పట్టీ వేలికొసలు నున్నబడిపోయాయి. ఎడమ మోకాలు చలికాలంలో మాట వినదు. ఆమె గురించి చెప్పమని ఎవరినడిగినా "మంచిదే పాపం" అని ఊరుకుంటారు. అంతకు మించి చెప్పడానికి వాళ్ళకేం తెలుసు గనక? ఆమె తెలియనిస్తేగా!

పెద్ద దుప్పట్లతో ఆమెకు ఇబ్బంది లేదు. పిల్లల వార్డువి వచ్చినప్పుడే చేతులు తడబడతాయి. అవి కురచవి, ఒక్క మనిషి మడవగలిగినవి. వాటిని మైలిన్ వైపు తోసేస్తుంది. తోసినా లాభం ఉండదు. వెనకనుంచి ఎవరో గౌను అంచు పట్టుకున్నట్టే ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల చెయ్యి అంత ఎత్తులోనే, ఎప్పుడూ అక్కడే.

మధ్యాహ్నం భోజనాల గదిలో మైలిన్ అన్నం డబ్బా మూత తీసింది. ఎండుచేప వాసన గది నిండా కమ్ముకుంది. పక్క బల్లవాళ్ళు లేచి దూరంగా కూర్చున్నారు.

"చూశావా అక్కా, ఈ చేప పుణ్యమా అని మనకి బల్లంతా దక్కింది" అని నవ్వి, సంచిలోంచి కాగితాలు తీసింది. "నీ రాత ముత్యాలు గదా, ఇవి కాస్త నింపిపెట్టవూ? మా ఆయన రాస్తే ఆఫీసువాళ్ళు మందుల చీటీ అనుకుంటారు."

మైలిన్ మొగుడు ఇక్కడి పౌరుడు. పెళ్ళాన్ని శాశ్వతంగా తన దగ్గర ఉండనివ్వమని సర్కారుకు అర్జీ పెడుతున్నాడు. ఆ కాగితం ఫెలీసాకు కొత్తది కాదు. మొదటి భాగంలో భర్త, తల్లి, తండ్రి. రెండో భాగంలో పిల్లలు, వెంట వస్తున్నా రాకపోయినా. మూడో భాగంలో తోబుట్టువులు. మొదటి భాగం గబగబా నింపింది.

"నీ కొడుకు ఎల్మర్ పుట్టినరోజు చెప్పు."

"వాణ్ణి రాయొద్దులే అక్కా."

"అదేం?"

"వాడిప్పుడు రావట్లేదుగా, ఊళ్ళో అమ్మ దగ్గరే ఉంటాడు. రాస్తే వాడికీ డాక్టరు పరీక్షలట. వాణ్ణి కన్న తండ్రి సంతకం తెమ్మంటారట. ఆ తాగుబోతు ఏ ఓడరేవులో పడున్నాడో ఎవడికి తెలుసు? ముందు నా కాగితాలు రానీ, తర్వాత మెల్లిగా పిలిపించుకోవచ్చంది మా పిన్ని కూతురు."

"మీ పిన్ని కూతురు వకీలా?"

"కాదు. గోళ్ళకి రంగులేస్తుంది."

ఫెలీసా నవ్వలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నేళ్ళూ నోరు కట్టుకుంది. కానీ కళ్ళెదుట రెండో భాగం ఖాళీగా ఉంది.

"నేనూ రాయలేదు."

"ఏం రాయలేదు?"

"నా కూతుర్ని."

మైలిన్ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఫెలీసా కాగితం వైపే చూస్తూ చెప్పింది. పెళ్ళికి ముందు పుట్టిన పిల్ల. తండ్రి బస్సు కండక్టరు, కడుపు సంగతి తెలిసిన వారానికే బస్సూ మార్చాడు, ఊరూ మార్చాడు. ఫెలీసా తల్లి మంత్రసానిని మంచి చేసుకుని, ఆ పిల్లని తన కడుపున పుట్టిన ఆఖరి సంతానంగా మునిసిపాలిటీలో రాయించింది. "కాగితంలో ఏముంటే అదే నిజం" అంది. జోనలిన్ అమ్మమ్మని అమ్మా అని, అమ్మని అక్కా అని పిలుస్తూ పెరిగింది. విన్నిపెగ్ నుంచి సెలవు మీద వచ్చిన అర్సేనియో ఫెలీసాని చేసుకుని అర్జీ పెట్టినప్పుడు, ఆమె జోనలిన్ పేరు మూడో భాగంలో రాసింది, ఇద్దరు తమ్ముళ్ళ కింద. ఆ పిల్ల తన మరదలనే అర్సేనియో ఈనాటికీ నమ్ముతున్నాడు. వీళ్ళకి పిల్లలు పుట్టలేదు. "మనకి రాసిపెట్టి లేదులే" అని అతను ఓదార్చినప్పుడల్లా ఫెలీసా తేలు కుట్టిన దొంగలా ఊరుకునేది.

"డాక్టరు పరీక్షకి మనీలా వెళ్ళినప్పుడు దాన్నీ తీసుకెళ్ళాను. నా గౌను పట్టుకుని నిలబడింది. నర్సు వచ్చి, ఈ పాపకి కూడా పరీక్షా అంది. పరీక్ష గది తలుపు ఐదడుగుల దూరంలో ఉంది, మైలిన్. కాదండీ, మా చెల్లెలు, ఊరు చూడ్డానికొచ్చింది అన్నాను. అది కూడా అవునండీ అంది."

"తర్వాత రప్పించుకోలేదా?"

"వకీలునడిగా. అప్పుడు చూపించని బిడ్డని, పరీక్ష చేయించని బిడ్డని, ఇప్పుడు నా బిడ్డంటే ఒప్పుకోరన్నాడు. దయ చూపమని అడగొచ్చు, కానీ ముందు నిజం రాసివ్వాలన్నాడు. రాస్తే నా కాగితాలకే ఎసరొస్తుందేమోనని భయపడ్డా. మా ఆయన ముఖం చూళ్ళేననీ భయపడ్డా. ఇప్పుడు దానికి ఇరవై మూడు. బిడ్డగా రప్పించుకునే వయసూ దాటిపోయింది."

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు."

"మరెవరికి తెలుసక్కా?"

"మా అమ్మకి. ఇప్పుడు నీకు."

మైలిన్ చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంది. కాగితాన్ని ఫెలీసా వైపు జరిపింది. "మార్చి పద్నాలుగు" అంది చివరికి. "ఎల్మర్ అని రాయి. ఆ తాగుబోతుని నేనే వెతుక్కుంటా."

ఫెలీసా రెండో భాగంలో మొదటి గీత మీద పొందిగ్గా రాసింది. తప్పులు పోతే పనికొస్తుందని మైలిన్ తెచ్చిన ఖాళీ నకలు ఒకటి మిగిలింది. దాన్ని అలవాటు చొప్పున నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

రెండున్నరకి ఫోను మోగింది. అక్కడ ఇంకా తెల్లారలేదు.

"అక్కా" అంది జోనలిన్. "అమ్మ పోయిందక్కా."

ఫెలీసా చేతిలోని దుప్పటి బల్ల మీద పెట్టింది.

"నిద్దట్లోనే పోయింది. నువ్వొచ్చేదాకా ఉంచుతాం. నాకింకెవరున్నారక్కా? అమ్మవైనా నువ్వే, అక్కవైనా నువ్వే."

ఇప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచింది. యంత్రాల రొద చెవుల్లో హోరెత్తుతోంది. నాలుగేళ్ళ పిల్ల గౌను అంచు పట్టుకుని పైకి చూస్తోంది.

"ఏమన్నా తిన్నావా?" అంది.

తల్లి పోయినందుకు ఏడవాలి. ఏడ్చింది కూడా, కానీ అంతకన్నా ముందు భయం వేసింది. నిజం తెలిసిన ముసలిది పోయింది. రేపు ఆమెను పాతిపెడితే జోనలిన్ తల్లిని పాతిపెట్టినట్టే లెక్క. అమ్మ రాయించిన కాగితమే గెలుస్తుంది. బతికున్న తల్లి, శవం పెట్టె పక్కన అక్కగా నిలబడి వస్తుంది.

మైలిన్ తన ఫోనులోనే సాయంత్రం విమానానికి టికెట్టు తీసిపెట్టింది. ఇంటికొచ్చి ఫెలీసా రెండు జతల బట్టలు, నల్ల గౌను సర్దుకుంది. బస్సుల కర్మాగారంలో రెండో షిఫ్టులో ఉన్న అర్సేనియోకి ఫోను చేసింది.

"అయ్యో, అత్తయ్య పోయిందా! ఉండు, ఫోర్‌మన్‌నడిగి వచ్చేస్తా."

"వద్దు, టాక్సీ పిలిచాను. నువ్వొచ్చాక బల్ల మీద కాగితం చూడు."

"ఏం కాగితం?"

"చూడు. చూశాక నీకెలా అనిపిస్తే అలా చెయ్. నేను మాత్రం అక్కడ దానికి చెప్పే వస్తాను."

"ఎవరికి? ఏం చెప్తావ్? ఫెలీసా!"

ఆమె ఫోను పెట్టేసింది. జేబులోని నకలు తీసి వంటింటి బల్ల మీద పరిచింది. మడతలు పడి ఉండటంతో అది చదునుగా నిలవలేదు. ఎడమ చేత్తో అదిమిపట్టి, పెన్నుతో రాసింది. రెండో భాగం, మొదటి గీత. పేరు: జోనలిన్. వరుస: కూతురు. పుట్టిన తేదీ, ఊరు. వెంట వస్తున్నారా అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. దాన్ని ఖాళీగా వదిలేసింది.

బయట టాక్సీ హారన్ కొట్టింది. కాగితం మీద ఉప్పు సీసా పెట్టి, బూట్లు తొడుక్కుని, దీపం ఆర్పకుండానే తలుపు లాగింది.

ఇల్లు వెచ్చబెట్టడానికి వంటింటి నేల రంధ్రాల్లోంచి వచ్చే వేడిగాలికి, ఉప్పు సీసా కింద ఆ కాగితం మూల లేస్తూ, పడుతూ ఉంది.